సన్నెకల్లు మీది జల్లు

కరీంనగర్,
జూన్ 20

మేబెల్,

కోపంతోనే రాస్తున్న, ముందే చెప్తున్న. ఫోన్ చేస్తే ఎత్తవు. మెసేజ్ పెడితే చూసినట్టు నీలం గీతలు వస్తయి గని జవాబు రాదు. మొన్న రిచర్డన్న ఎత్తి, "మేబెల్ పడుకుందమ్మా" అన్నడు. పట్టపగలు పడుకునే మనిషివా నువ్వు? ఇన్నేండ్లు ఒకే స్టాఫ్‌రూంల కూసున్నం. మ్యూజిక్ టీచర్ ఎప్పుడు ఆవులిస్తదో సుత ఈ ఫిజిక్స్ టీచర్‌కు తెలుసు.

రిటైరై తమ్ముని ఇంటికి వచ్చి ఏడాది నిండలే. అప్పుడే పరాయిదాన్నయిన్నా? వేణుమాధవ్ మంచిగ చూస్తుండు. మరదలు లీల నాకు పని చెప్పదు, అదొక్కటే తక్లీఫ్. ఖాళీగ కూసుంటే నీ మీద అనుమానాలే వస్తున్నయి. నేనేమన్న అన్ననా? అంటే మొహం మీదనే చెప్పు.

మీ చర్చి క్వాయర్ ఎట్లున్నది? రిచర్డన్న బీపీ గోలీలు మర్సిపోకుంట వేసుకుంటుండా?

జవాబు రాయకపోతే బస్సెక్కి వస్తా. బెదిరింపే అనుకో.

ఊర్మిళ


బోయిగూడ, సికింద్రాబాద్,
జూన్ 27

ప్రియమైన ఊర్మిళా,

నీ మీద కోపం ఉంటే ఇన్ని నెలలు మూతి ముడుచుకుని కూర్చుంటానా? ఎప్పుడో దులిపేసి, టీ ఇచ్చి పంపేదాన్ని.

ఫిబ్రవరిలో జలుబు చేసింది. జలుబు పోయింది గానీ చెవుల్లో ఒక మోత మిగిలిపోయింది. కీచురాయి కూసినట్టు, సన్నగా, ఆగకుండా. లోకమంతా సద్దుమణిగితే అది ఇంకా పెద్దదవుతుంది. ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే సూదితో పొడిచినట్టు ఉంటుంది. అందుకే ఫోను రిచర్డ్ గారికి ఇచ్చేశాను. ఆ నీలం గీతలు ఆయనవి. నేను చెప్తుంటే జవాబు టైపు చేస్తానన్నారు. కానీ నీకు రాసేది మధ్యలో ఇంకొకరు చదవడం, ఎంత మంచి మనిషైనా, నాకు ఇష్టం లేకపోయింది.

చెవుల డాక్టరు పరీక్షలన్నీ చేశారు. "ఇది పోతుందని చెప్పలేనమ్మా. దీనితో కాపురం నేర్చుకోవాలి. నిశ్శబ్దంలో మాత్రం ఉండకండి. మెల్లగా నీటి చప్పుడు లాంటిది ఏదైనా పక్కన పెట్టుకోండి" అన్నారు. రిచర్డ్ గారు ఫోన్లో సెలయేటి చప్పుడు పెట్టారు. మొదటి రోజు హాయిగానే ఉంది. రెండో రోజు కనిపెట్టేశాను. అది చిన్న ముక్కని తిప్పి తిప్పి వేస్తారు. ఒక చుక్క 'టుప్'మని పడుతుంది, కాసేపటికి అదే చుక్క అదే చోట మళ్ళీ పడుతుంది. ఇక నా ప్రాణమంతా ఆ చుక్క కోసమే కాచుకుని ఉంటుంది. తాళం లెక్కపెట్టి బతికిన చెవులు కదా, మోసపోవు.

నిద్ర సరిగ్గా లేదు. అందుకే పగలు పడుకోవడం. క్వాయర్ మామూలే. ఆయన మాత్రలు వేసుకుంటున్నారు.

నువ్వు బస్సెక్కకు. ఈ ముఖంతో నీకు కనబడాలని లేదు.

నీ మేబెల్


కరీంనగర్,
జూలై 6

మేబెల్‌కు,

నీ ఉత్తరం చదివి సిగ్గయింది. తిట్టుకుంట రాసిన కద. ఆ కాయితం చింపేయ్.

ఇగ పనికొచ్చే ముచ్చట. ఫోన్ల నీళ్ళు నిన్ను మోసం చేయలేకపోతే, నిజం నీళ్ళు తెచ్చుకో. పారే నీళ్ళు ఎన్నడు సుత ఒక్క తీరుగ పడయి. ఎంత లెక్కపెట్టినా నీ తాళానికి అందయి. పెద్ద హోటళ్ళల్ల, దవాఖాన్ల లాబీలల్ల సూసినవ్ గద, బల్ల మీద చిన్న ఫౌంటెన్ ఉంటది. అది ఇంట్ల చేసుకోవచ్చు. కొనేది ప్లాస్టిక్ బొమ్మ లెక్క ఉంటది, నీకు నచ్చదు. నువ్వే చెయ్యి.

రాంగోపాల్‌పేట్‌ల చేపల తొట్లు అమ్మే దుకాణాల్ల నీళ్ళల్ల ముంచే చిన్న మోటార్ దొరుకుతది. వెడల్పు మట్టి బేసిన్ ఒకటి, చిన్న కుండ ఒకటి తెచ్చుకో. కుండను నీళ్ళల్ల బాగ నానబెట్టినంక అడుగున మెల్లగ రంధ్రం చేయాలె. పొడి కుండను బర్మాతో తొలిస్తే పగుల్తది. బేసిన్ల పెట్టిన మోటార్ నుంచి సన్న పైపు ఆ రంధ్రంలకెల్లి పైకి పోతది, నీళ్ళు కుండ అంచు మీదికెల్లి పొంగి బేసిన్ల పడ్తయి, మోటార్ మళ్ళ గుంజుతది. అంతే. బేసిన్ నుంచి నీళ్ళు కారకుంట లోపట వాటర్‌ప్రూఫ్ రంగు వెయ్యాలె.

ఒక్కటి ముఖ్యం. మోటార్ వైరు సాకెట్ కన్న కిందికి వేలాడి, మళ్ళ పైకి పోవాలె. వైరు ఎంబడి నీళ్ళు జారినా కిందనే రాలిపోతయి, ప్లగ్గుల పోవు. ఇది మాత్రం రిచర్డన్నకు చదివి వినిపించు.

ఊర్మిళ


బోయిగూడ,
జూలై 24

ప్రియమైన ఊర్మిళా,

వైరు పేరా మాత్రమే చదివి వినిపించాను. ఆయన ఆ రోజంతా ఇంట్లో ఉన్న వైర్లన్నీ వంగి చూసుకుంటూ తిరిగారు.

మొదటి కుండ పగిలింది. "నానింది చాల్లే మేబెల్" అన్నారు, నేనూ తొందరపడ్డాను. రెండోది నిలబడింది. రంధ్రం చేస్తున్నంతసేపూ ఆయన చెంబుతో నీళ్ళు పోస్తూ ఊపిరి బిగబట్టారు. రైల్వే ఆఫీసులో ముప్పై ఏళ్ళు ఫైళ్ళు తప్ప ఏదీ ముట్టని మనిషి, గోళ్ళ నిండా ఎర్రమట్టితో భోజనానికి కూర్చున్నారు. చాలా రోజుల తర్వాత ఇద్దరం ఒక పని మీద మాట్లాడుకున్నాం. అంతకు ముందు ఆయన "ఎలా ఉంది" అనడం, నేను "అలాగే ఉంది" అనడం. అంతే మా సంభాషణ.

బొల్లారం దగ్గర నర్సరీ నుంచి నున్నటి తెల్లరాళ్ళు తెచ్చాం. అన్నీ అమర్చి స్విచ్చి వేశాం. నీళ్ళు కుండ అంచు మీద పొంగి జారుతుంటే ఎంత ముచ్చటగా ఉందో. కింది వాటా విమలమ్మ గారు వచ్చి చూసి చేతులు జోడించారు, శివుడికి అభిషేకంలా ఉందట.

కానీ ఊర్మిళా, ఆ మోటారు మూలుగుతుంది. మామూలు వాళ్ళకు వినబడదు. నాకు నీటికంటే ముందు అదే వినబడుతుంది. పైన కీచు, కింద మూలుగు. ఇప్పుడు నా తలలో రెండు గొంతుల పాట.

నిరుత్సాహపడలేదు. కొంచెం పడ్డాను.

నీ మేబెల్


కరీంనగర్,
ఆగస్టు 4

మేబెల్‌కు,

మూలిగేది మోటార్ కాదు, నీ బేసిన్. మోటార్ వణుకుతది, ఆ వణుకు అడుగుకు ఎక్కుతది, బేసిన్ మద్దెల లెక్క దాన్ని పెద్దగ చేసి వినిపిస్తది. మోటార్ కింద గిన్నెలు తోమే మెత్తటి స్పాంజి ముక్క పెట్టు. బేసిన్ కింద సుత పాత టవల్ నాలుగు మడతలు వెయ్యి. పైపు కుండను తాకే కాడ రబ్బర్ చుట్టు. నీళ్ళు తక్కువైతే మోటార్ గాలి గుంజి గురగురమంటది, రోజు ఇంత నీళ్ళు కలుపు. బోరు నీళ్ళు పొయ్యకు, నెల తిరిగేసరికి రాళ్ళకు తెల్లటి ఉప్పు పొర కడ్తది. నల్లా నీళ్ళు పొయ్యి.

పెద్ద ఫౌంటెన్లు కట్టేటోళ్ళకు సుత వినపడని మూలుగును నువ్వు పట్టినవ్. చెవులు పాడైనయని నువ్వు అంటున్నవ్. నాకైతే అట్ల అనిపిస్తలేదు.

ఊర్మిళ


బోయిగూడ,
ఆగస్టు 19

ఊర్మిళా,

స్పాంజి పెట్టగానే మూలుగు పోయింది. నీకు దణ్ణం.

మూలుగు పోయాక నీటి చప్పుడు అసలు ఎలా ఉందో తెలిసింది. 'బొళుక్, బొళుక్' అని లోతుగా పడుతుంది. బాత్రూంలో ఎవరో నీళ్ళు పోసుకుంటున్నట్టు. రిచర్డ్ గారు మాటిమాటికీ లేచి వెళ్తున్నారు, అడిగితే వయసు అంటారు. నా మోత మాత్రం ఆ చప్పుడు మీద నూనెలా తేలుతూనే ఉంది. హార్మోనియం మీద దాని స్వరం వెతికాను. చివరి మెట్టు దాటి ఇంకా పైన ఎక్కడో ఉంది. నా ఫౌంటెన్ కింద పాడుతుంది, నా జబ్బు పైన పాడుతుంది, రెండూ కలవవు.

నీకో అబద్ధం చెప్పాను. క్వాయర్ మామూలే అని రాశాను. ఈస్టర్ తర్వాత మానేశాను. ఈస్టర్ ఆరాధనలో అందరూ గొంతెత్తగానే నా పక్కవాళ్ళ స్వరం నాకు అందలేదు, మోత ఒక్కటే అందింది. నేను తప్పు పాడుతున్నానో ఒప్పు పాడుతున్నానో తెలియక నోరు మాత్రం కదిపాను. పాట అయ్యేదాకా నోరు కదిపి, ఇంటికి వచ్చి, ఇక పాడలేదు. చర్చిలోనే కాదు, వంటింట్లో కూడా. పాస్టరు గారి భార్య రెండుసార్లు వచ్చింది, తలనొప్పి అని పంపేశాను.

నిన్న నీళ్ళు పారబోసి బేసిన్‌ని బాల్కనీలో బోర్లించాను. ఆయన వచ్చి బల్ల మీది తడి తుడిచారు. అంతే. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

నువ్వు చాలా శ్రమపడ్డావు. ఇక చాలు.

మేబెల్


కరీంనగర్,
సెప్టెంబర్ 14

మేబెల్‌కు,

జవాబు ఆలస్యమైంది. ఇది లీల చేతిరాత, నేను చెప్తుంటే రాస్తుంది. నా కండ్లద్దాలు పలిగినయి, కొత్తయి రాలే.

బేసిన్ సీదా చెయ్యి. నువ్వే జవాబు రాసి, నువ్వే చూస్కోలే. జబ్బు పైన పాడుతుంది, ఫౌంటెన్ కింద పాడుతుంది అన్నవ్. మరి ఫౌంటెన్‌ను పైకి లేపాలె గద. లోతు నీళ్ళల్ల నీళ్ళు పడితే బొళుక్‌మని లావు సప్పుడు. నున్నటి రాయి మీద జారితే సప్పుడే ఉండది. గరుకు రాయి మీద పలుచగ పారితే ఒక్కొక్క గాటు కాడ తెగి చిట్లుతయి. అసొంటి సన్న సప్పుళ్ళు వేలకు వేలు కలిస్తే చింతచెట్టు మీద చినుకు పడ్డట్టు ఉంటది. అది నీ మోత ఉన్న ఎత్తుదాక పోతది. దాన్ని చంపది, పక్కన కూసుంటది.

పాత సన్నెకల్లు సంపాదించు. ఉలితో కొత్తగ గాట్లు కొట్టించు. బేసిన్ల ఏటవాలుగ నిలబెట్టు, నిట్టనిలువు వద్దు, పడుకోబెట్టొద్దు, ఈజీచైర్ల మనిషి లెక్క. పైపుకు వరుసగ సన్న రంధ్రాలు చేసి రాయి పై అంచుకు ఆనించు. రాయి కింది అంచు నీళ్ళల్ల మునిగే ఉండాలె, అప్పుడు బొళుక్ ఉండది. కుండ, నున్నటి రాళ్ళు అన్ని తీసెయ్.

నోరు కదిపిన సంగతి చదివిన. దాని గురించి ఏం చెప్పాల్నో నాకు తెల్వదు. ఫిజిక్స్‌ల లేదు.

ఊర్మిళ

మేబెల్ అక్కకు నమస్తే. వదిన చెప్పింది చెప్పినట్టు రాసిన. చెప్పొద్దన్నది రాయలే. — లీలాకుమారి


బోయిగూడ,
అక్టోబర్ 10

ఊర్మిళా, ఊర్మిళా,

విమలమ్మ గారి గుమ్మం పక్కన పూలకుండీ కింద ఒక సన్నెకల్లు ఉంది. మిక్సీ వచ్చాక దానికి ఆ ఉద్యోగమే మిగిలింది. అడిగితే, "తీస్కపోండి, కుండీకి ఇటుక పెడ్త" అన్నారు. రిచర్డ్ గారూ, విమలమ్మ గారబ్బాయి అభిరామూ కలిసి మెట్ల మీదికి మోసుకొచ్చారు. గాట్లు కొట్టించాం.

ఆ తర్వాతి పని నాది. దాన్ని నేను ఎవరికీ ఇవ్వలేదు. రాయిని ఒక వేలెడు వెనక్కి వంచితే నీరు గుసగుసలాడుతుంది. ముందుకు లేపితే ఉరుకుతుంది. రంధ్రాలు కొన్ని అగ్గిపుల్లలతో మూశాను, కొన్ని తెరిచాను. ఎడమవైపు ఒక ధార విడిగా, మొండిగా పడేది, క్వాయర్‌లో అందరికంటే ముందు అందుకునే పిల్ల లాగా. దాని దారిలో చిన్న రాయి ముక్క అతికించాను, నలుగురిలో కలిసింది. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం భోజనం మరిచాం. ఆయన స్విచ్చి దగ్గర నిలబడి నేను చెయ్యి ఎత్తితే వేయడం, దించితే ఆపడం. నా చెయ్యి చూసి నడిచే మనుషులు నాకు మళ్ళీ దొరికారు అనుకున్నాను, ఒక్కరే అయినా.

చివరికి ఒక చోట కుదిరింది. ఎలా చెప్పను? మోత పోలేదు. కానీ ఎండలో దీపం పెట్టినట్టయింది. వెలుగుతూనే ఉంది, కనబడడం లేదు. కుర్చీలో కూర్చున్నాను. ఆయన ఏదో అడుగుతున్నారు, "బాగుందా" అనే అయ్యుంటుంది. జవాబు చెప్పకుండానే నిద్రపోయానట. లేచేసరికి సాయంత్రం, నా మీద దుప్పటి ఉంది, ఆయన పక్కనే స్టూలు మీద పేపరు మడత విప్పకుండా పట్టుకుని ఉన్నారు. విప్పితే చప్పుడవుతుందని.

అప్పటినుంచి నిద్ర వస్తోంది. రోజూ కాదు, చాలా రోజులు. దేవునికి స్తోత్రం, నీకు కూడా.

"చెప్పొద్దన్నది రాయలే" అని లీలాకుమారి రాసిన వాక్యం నాలో గుచ్చుకునే ఉంది. ఇన్నాళ్ళు బయటకు కదలలేని దాన్ని. ఇప్పుడు కదలగలను. చెవుల్లో దూది పెట్టుకుని వచ్చే వారం బస్సెక్కుతున్నాను. బెదిరింపే అనుకో.

మేబెల్


బోయిగూడ,
అక్టోబర్ 26

ప్రియమైన ఊర్మిళా,

క్షేమంగా చేరాను. నీ ఎదురుగా అనలేనివి కొన్ని ఉన్నాయి. నువ్వు మాట మార్చేస్తావు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను.

మీ గేటు తీసి లోపలికి రాగానే నీ చేతికి పిండికట్టు చూశాను. కళ్ళద్దాలు శుభ్రంగా ముక్కు మీద ఉన్నాయి. "జారిపడ్డ, అంతే" అన్నావు. ఎక్కడ జారావో లీలాకుమారి చూపించింది. వెనక వరండాలో మూడు టబ్బులు, నాలుగు పగిలిన కుండలు, గోడంతా నాచు, మూలన ఆమె సన్నెకల్లు. "మీ ఉత్తరమొచ్చిన రోజు మా వదిన అన్నం సుత తినదక్కా. మీరు అక్కడ ఏం చేయాల్నో ఇక్కడ చేసి చూసినంకనే జవాబు రాస్తది. నా సన్నెకల్లు గుంజుకుంటుంటేనే తడి మీద కాలు జారింది" అని చెప్పింది. కోపంగా చెబుదామనుకున్నట్టుంది, మధ్యలోనే గొంతు మారిపోయింది.

నేనేమనుకున్నానో తెలుసా? ఫిజిక్స్ చదివిన మనిషి కదా, కూర్చున్న చోటునుంచి చెప్పేస్తోంది అనుకున్నాను. స్పాంజి సంగతి నీకు పుస్తకంలో దొరకలేదు. నాకు మూలుగు వినబడితే, నీకు వినబడని ఆ మూలుగు కోసం టబ్బుకు చెవి ఆనించి నేల మీద పడుకున్నావట. తమ్ముడు చూసి భయపడ్డాడట.

నా చేత్తో ఒక రాయిని కుదిర్చి మురిసిపోయాను. నువ్వు నీకు లేని జబ్బుకు మందు వెతికావు. చెయ్యి విరిగితే అద్దాలు పగిలాయన్నావు. నేను క్వాయర్ గురించి చెప్పిన అబద్ధం నన్ను దాచుకోవడానికి. నీది నేను ఆగిపోకుండా ఉండడానికి. ఈ రెండింటికీ ఎంత తేడా ఉందో బస్సులో అంతసేపూ ఆలోచించాను.

స్టాఫ్‌రూంలో నీ పక్క కుర్చీలో అన్నేళ్ళు కూర్చున్నాను. నిన్ను ఇప్పుడు చూశాను.

కట్టు విప్పగానే నీ చేత్తో రాయి, వంకరగా ఉన్నా సరే.

నీ మేబెల్


కరీంనగర్,
నవంబర్ 18

మేబెల్‌కు,

కట్టు ఇప్పిన్రు. రాత వంకరనే ఉన్నది, ఓపిక పట్టి చదువు.

నన్ను గంతగనం పొగడకు. ఖాళీగ ఉంటిని, పని దొరికింది. నువ్వు రాసిన మొదటి ఉత్తరం చదివినంక నా చేతులు ఊకోలే. అంతకన్న ఏం లేదు. టబ్బులన్ని తీసి కడుగుదామంటే లీల ఒక్కటి ఉండనీయమన్నది. సన్నెకల్లు సుత అండ్లనే ఉండనీ అన్నది. కూరగాయలు అక్కడ కూసుండి కోసుకుంటుంది. వరండాల ఇట్ల మంచిగుంటదని నాకెందుకు చెప్పలేదు వదినా అని నన్నే అడుగుతుంది.

నువ్వు నీ ముచ్చట కాయితం మీద రాసినవ్, నాదొకటి నా దగ్గర్నే ఉన్నది. నువ్వున్నప్పుడు చెప్పలే. చెప్తే ఆపుతవని చెప్పలే.

నువ్వు వచ్చిన రెండోనాడు పొద్దుగాల. రాత్రి వరండాలనే మంచమేసుకొని పడుకున్నవ్, టబ్బు పక్కకు. ఎండ వచ్చినంక లేచినవ్. నా చెయ్యి సక్కగ లేదని చిక్కుడుకాయలు ముందటేసుకొని ఈనెలు తీస్తున్నవ్, నీళ్ళ దిక్కు మొకం పెట్టి. నేను చాయ తెచ్చి తలుపు కాడ ఆగిన.

నువ్వు పాడుతున్నవ్ మేబెల్.

నోట్లనే, సన్నగ. పాట కాదు, పాట కింద నువ్వు పాడే వరస, ఆల్టో అంటవు గద, అది. ఏండ్లకేండ్లు స్టాఫ్‌రూంల పేపర్లు దిద్దుకుంట నువ్వు పాడింది అదే. పై పాట లేకుంట ఒక్కటే వింటే ఎటు పోతుందో తెల్వదు, గని నాకు తెలుసు. ఎక్కడ దిగుతదో, ఎక్కడ ఆగి నిలబడుతదో. ఒక్క కాడ సుత తప్పలే. నీళ్ళు పారుతున్నయి, నీ చేతులు ఈనెలు తీస్తున్నయి, పాడుతున్నవన్న సోయి నీకు లేదు.

లీల పూజ ఇడిసిపెట్టి వత్తి చేతుల పట్టుకొని నా ఎనక వచ్చి నిలబడ్డది. చాయ సల్లారింది. గప్పుడే వేణుమాధవ్ ఆఫీసుకు పోనీకి వాకిట్ల స్కూటర్ స్టార్ట్ చేయబోతుండె. నేను వాకిట్లకు ఉరికి చెయ్యి అడ్డం పెట్టిన. వానికి ఏం సమజ్ కాలే. నా మొకం దిక్కు చూసిండు, చెవి పెట్టి విన్నడు. ఇగ స్టాండ్ తీసి, గేటు సప్పుడు కాకుంట తెరిచి, స్కూటర్‌ను గల్లీ మలుపు దాక నూక్కుంట పోయి, అక్కడ స్టార్ట్ చేసిండు.

ఊర్మిళ